గుప్పెడు చూసి కొన్న చంద్రుడు

తార్నాకలో ఒక బడిలో డెమో క్లాసు చెప్పబోతున్న మనిషిని పట్టుకుని, పాఠ్యపుస్తకం పక్కన పడెయ్యమని, ఫోన్లో చూసే నాలుగు నిమిషాల వీడియోలోంచి పాఠం ఎత్తుకోమని సలహా ఇచ్చిన ఘనత నాదే. ఇంకెవరికీ వాటా ఇవ్వను. ఆ సలహా కూడా మామూలుగా ఇవ్వలేదు. గల్లా దగ్గర కూర్చున్నవాళ్ళు "ఇది తీస్కపో అమ్మా, మా ఇంట్ల గూడ ఇదే వాడతం" అంటారు చూశారా, అచ్చం ఆ గొంతుతో ఇచ్చాను. ఆ పిల్ల నమ్మి తీసుకుపోయింది. ఆమెకు ఆ ఉద్యోగం చాలా అవసరం. నాకేమో బేరం కుదిరితే చాలు.

మాది మల్కాజ్‌గిరిలో కిరాణా కొట్టు. నాన్నదొకటి, ఆ పక్కనే పెద్దనాన్నది, రోడ్డుకు అటువైపు మేనమామ పూజా సామాను దుకాణం. నేను నడక నేర్చుకున్నది బియ్యం బస్తాలు పట్టుకుని. మా ఇంట్లో ఎవరైనా చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఒప్పుకుంటే ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకు చూసేవాళ్ళు. డిగ్రీ అయ్యాక చాలా ఏళ్ళు నేనూ గల్లా దగ్గరే కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక కొట్టుకు ఎవరూ రారు. ఫ్యాను తిరుగుతుంటుంది, ఈగలు బెల్లం దిమ్మ మీదికి వస్తుంటాయి, నాన్న లోపల కునుకు తీస్తుంటాడు. ఆ సమయంలో ఫోను తీసి చిన్న చిన్న వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చీమలు వరసలో ఎందుకు నడుస్తాయి, ఈ ఊళ్ళో నల్లా నీళ్ళు మొదట ఎవరి ఇళ్ళకు వచ్చాయి, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ముందు ఇంటిపేరు ఎందుకు అడుగుతారు, సముద్రం ఉప్పగా ఎందుకుంటుంది. ఒకటి చూస్తే నాలుగు అనుమానాలు వచ్చేవి. అనుమానాలు పెరిగి పెరిగి, ముప్ఫై దాటాక పోయి యూనివర్సిటీలో ఎమ్మే హిస్టరీలో చేరాను.

"హిస్టరీ చదివితే ఏమొస్తదే?" అన్నాడు నాన్న.

"జరిగిపోయినవి తెలుస్తయి నాన్నా."

"జరిగిపోయినవి నాకు గూడ తెలుసు. ఎదురింటోళ్ళు ఉద్దెర పెట్టి ఇల్లు ఖాళీ చేసిన్రు. అంతకన్న పెద్ద హిస్టరీ ఉన్నదా?"

క్లాసులో నాకంటే బాగా చిన్నవాళ్ళ మధ్య, కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల పరిచయమైంది. జనగామ అవతల ఒక పల్లె. బీయస్సీలో చెట్లూ జంతువులూ చదివింది, బీయీడీ చేసింది, మళ్ళీ ఎందుకో ఎమ్మే హిస్టరీకి వచ్చింది. "ఎందుకు?" అని అడిగితే, "నువ్వెందుకొచ్చినవ్ అక్కా?" అని ఎదురడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. హాస్టల్ సీటు రాక అడిక్‌మెట్‌లో ఇంకో ముగ్గురితో ఒక గదిలో ఉండేది. సాయంత్రాలు తార్నాకలో ఒక రీడింగ్ రూములో చదువుకునేది. నేను తార్నాకలోనే బస్సెక్కాలి. అందుకని క్లాసు అయ్యాక ఇద్దరం క్యాంపస్‌లోంచి తార్నాక దాకా నడిచేవాళ్ళం.

ఆ నడకలోనే మా వ్యాపారం మొదలైంది. ఆమెకూ వీడియోల పిచ్చి ఉందని తెలిశాక, ఇద్దరం వేరువేరుగా అవే చూడటం దండగ అనిపించింది. నువ్వొకటి చూడు, నేనొకటి చూస్తాను, దారిలో మార్చుకుందాం అన్నాను. సగం కష్టానికి రెట్టింపు సరుకు. కానీ నా సంగతి తెలుసుగా, మార్చుకోవడంలో కూడా బేరం లేకపోతే నాకు నడక సాగదు.

"ఇవ్వాళ ఏం తెచ్చినవ్ అక్కా?"

"మిరపకాయ."

"మిరపకాయల ఏమున్నది?"

"అది మనది కాదు. సముద్రాలు దాటి వచ్చింది. అంతకుముందు మనోళ్ళు కారం కావాలంటే మిరియాలే దంచుకునేటోళ్ళు."

ఆమె నడక ఆపేసింది. "మరి పచ్చిమిరపకాయ తొక్కు?"

"లేదు."

"ఆవకాయ?"

"ఎర్రగ ఉండేది కాదు."

"ఎట్ల బతికిన్రు అక్కా!" అంది నిజంగానే జాలిపడుతూ. తర్వాత తన సంచీ విప్పింది. "నా దగ్గర బ్లాక్ హోల్ ఉన్నది. తీస్కో."

"బ్లాక్ హోల్ అందరి దగ్గరా ఉన్నది. రేటు పడిపోయింది. పైన కొసరు వెయ్యి."

"ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటయి."

"ఇంకా?"

"మూడు గుండెలిచ్చినంక గూడ ఇంకా అంటవా? నీకు ఒక్కటన్న ఉన్నదా అసలు?"

ఆ సాయంత్రం మిరపకాయ సంగతి నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు ఎండుమిరప బస్తా వంక అనుమానంగా చూసి, "మరి ఇన్ని రోజులు ఎవరి సరుకు అమ్ముతున్నం?" అన్నాడు. టమాటా, ఆలుగడ్డ, పల్లికాయ కూడా అట్లా బయటి నుంచి వచ్చినవేనని చెప్పలేదు. ఒక్కరోజుకు అంత చాలు.

ఒకే ఒక్క రోజు బేరం ఆడలేదు. ఆమె హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి ఒక వీడియో తెచ్చింది. కొందరికి లోపల బల్ల మీద గ్లాసు, కొందరికి బయట చూరులో పెట్టిన వేరే గ్లాసు, తాగినవాళ్ళే కడిగి పెట్టిపోవాలి. చెప్పడం అయిపోయాక, "ఇది మా నాయనమ్మ చూసిందే. వీడియోల ఉన్నదంత చెప్పిన గని, ఆమె చెప్పింది వేరే ఉన్నది," అంది. ఆ వేరేది కూడా చెప్పింది. ఆ రోజు నా దగ్గర తేనెటీగల నాట్యం ఉంది. తీసి ఇవ్వబుద్ధి కాలేదు. బస్ స్టాపు దాకా ఊరికే నడిచాం.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బస్తా కొనేటప్పుడు పైపై గింజలు చూడకూడదు, అమ్మేవాడు మంచివి పైన పరుస్తాడు. అడుగు కూడా చూడకూడదు, అక్కడ ఎట్లాగూ దుమ్ముంటుంది. చెయ్యి మోచేతి దాకా మధ్యలోకి దించి గుప్పెడు తియ్యాలి. ఆ గుప్పెడు ఎట్లుంటే బస్తా అట్లుంటుంది. నాకు పదేళ్ళప్పుడు నాన్న నేర్పిన విద్య ఇది. ఈ పద్ధతిలో మేం ఏనాడూ మోసపోలేదు.

వీడియోలను కూడా నేను అట్లాగే చూసేదాన్ని. మొదట్లో పాట, పలకరింపు, అదంతా పైన పరిచిన గింజలు. చివర్లో మా ఛానల్‌ను ఆదరించండి, అది అడుగు దుమ్ము. వేలితో మధ్యకు జరిపి ఒక నిమిషం చూస్తే సరుకు తెలిసిపోతుంది. ఆమె ఒకటి చూసే సమయంలో నేను నాలుగు చూసేదాన్ని. ఈ లాభం సంగతి ఆమెకు చెప్పలేదు. కొనుబడి ధర ఎవరైనా చెప్తారా?

రెండో సెమిస్టర్ మధ్యలో ఒక సోమవారం ఆమె సరుకేమీ లేకుండా వచ్చింది. ఆ ఏడు వాళ్ళ పత్తి వానకు నల్లబడిపోయింది. ఇంటి నుంచి గది కిరాయి రావడం కష్టమైంది. తార్నాకలో ఒక ప్రైవేటు బడిలో మధ్యాహ్నం దాకా పనిచేసే సైన్స్ టీచర్ కావాలని విని అడగబోయింది. శనివారం డెమో ఇమ్మన్నారు.

"వస్తే ఉంట. రాకపోతే ఈ సెమిస్టర్ ఆపి ఇంటికి పోవాలె," అంది. ఏడవలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

"ఏ పాఠం?"

"ఏదైనా సరే అన్నరు. ఆరో తరగతి పిల్లలు, పావుగంట. ఆకు చెప్త. సూర్యుడు, నీళ్ళు, పత్రహరితం. నిద్రల లేపినా చెప్త."

నాలోని కొట్టు మనిషి లేచి కూర్చుంది. "వచ్చినోళ్ళందరు ఆకే చెప్తరు. అదే ఆకు పొద్దటి నుంచి విని విని ఆ ప్రిన్సిపాల్‌కు ఆవలింతలొస్తయి. పక్క కొట్ల దొరకని సరుకు పెట్టాలె."

"నీ దగ్గరున్నదా?"

"చంద్రుడు," అన్నాను. "పున్నమి నాడు పొద్దుగూకంగ వచ్చే చంద్రుడు పళ్ళెమంత ఉంటడు గద. నడినెత్తికి వచ్చేసరికి గిన్నెంత అయితడు. ఎందుకు?"

"ఎందుకు?"

"కింద గాలి మందంగ ఉంటది. భూతద్దం లెక్క పనిచేస్తది. పైకొచ్చినంక గాలి పలచన, చంద్రుడు చిన్నగ."

ముందు రోజే చూసిన వీడియో. మధ్యలో గుప్పెడు. ఆమె కళ్ళు మెరిశాయి. తను చదివింది చెట్లూ జంతువులూ, ఆకాశం జోలికి ఎన్నడూ పోలేదు. "మంచిగున్నదక్కా. గని చూపెట్టాలె. ఊకె చెప్తే పిల్లలు నమ్మరు," అంది. గురువారమే పున్నమి. చంద్రుణ్ణి చెయ్యి చాపి ఏదైనా గింజతో కప్పి చూద్దామంది. కిందున్నప్పుడు పెద్ద గింజ కావాలి, పైకొచ్చాక చిన్న గింజ చాలు. ఆ రెండు గింజలూ పిల్లల చేతిలో పెడితే పాఠం అయిపోయినట్టే. ఇంత మంచి ఆలోచన నాది కాదే అని నాకు కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

గింజలకు మాత్రం ప్రపంచంలో నాకంటే మంచి చిరునామా ఎక్కడ? పెసలు, మినుములు, కందులు, శనగలు, బఠాణీలు, చిన్న చిన్న పొట్లాలు కట్టాను.

"ఏం చేస్తవే వీటితోని?" అన్నాడు నాన్న.

"చంద్రుణ్ణి కొలుస్తం."

"కొలువు. కొలతల తేడా వస్తే మాత్రం మన కొట్టు పేరు చెప్పకు."

గురువారం సాయంత్రం క్యాంపస్‌లో ఖాళీ మైదానం పక్కన నిలబడ్డాం. వాకింగ్ చేసేవాళ్ళు, క్రికెట్ ముగించి బ్యాట్లు భుజాన వేసుకుని పోయేవాళ్ళు. తార్నాక వైపు ఫ్లాట్ల వెనక నుంచి చంద్రుడు లేచాడు. ఏం చంద్రుడు! నారింజ రంగులో, ఆ డాబాల మీది నీళ్ళ ట్యాంకులను తోసుకుని వస్తున్నట్టు. నేను చూడగానే బఠాణీ పొట్లం విప్పాను. అసలు బఠాణీ కూడా చాలదని, నిమ్మకాయ తేవాల్సిందని అనుకున్నాను.

ఆమె ఒక కన్ను మూసి, చెయ్యి బారుగా చాచి, రెండు వేళ్ళ మధ్య బఠాణీ పట్టుకుంది.

"మొత్తం పోయిండు. కనిపిస్తలేడు."

"అంటే పెద్దదైంది. శనగ పట్టు."

"ఇది గూడ పెద్దదే."

"చెయ్యి వంచకే!"

"వంచుతలేనక్కా. కందులియ్యి."

ఇచ్చాను. ఆమె కంది గింజ పట్టుకుని కదలకుండా నిలబడింది. "సరిగ్గ పట్టింది," అంది మెల్లగా. "అంచుకు అంచు."

నేను నమ్మలేదు. నేనూ పట్టి చూశాను. అంత పెద్ద చంద్రుడు, ట్యాంకులను తోసుకొచ్చినవాడు, మా కొట్లో పిల్లలు కింద పడేస్తే ఊడ్చేసే కంది గింజ వెనక దాక్కున్నాడు. కాస్త సిగ్గనిపించింది, ఆయన తరఫున.

"సరే, కంది. పైకొచ్చినంక పెసర పడుతది చూడు," అన్నాను.

తార్నాక దాకా నడిచి, చాయ్ తాగి, మిర్చి బజ్జీ తిని కాలక్షేపం చేశాం. తిరిగి చూసేసరికి చంద్రుడు మెట్రో పట్టాల కంటే బాగా పైకి వచ్చి, తెల్లగా, చిన్నగా, ఎప్పుడూ ఉండేవాడిలా ఉన్నాడు. పెసర గింజ పట్టుకుని చెయ్యి చాచాను. చుట్టూ వెలుగు కారింది. చాలలేదు. మినుము పెట్టాను. ఇంకా కొంచెం కారింది. ఆమె కంది గింజ నా చేతిలో పెట్టింది.

అంచుకు అంచు.

నేను ఎన్ని రకాల బేరమాడానో చెప్తే నవ్వుతారు. నీ చెయ్యి నాకంటే పొడుగు అన్నాను. ఈ కంది వేరే బస్తాది అన్నాను. మిర్చి తిన్న వేలికి నూనె అంటి గింజ ఉబ్బిందేమో అన్నాను. ఆమె ఓపిగ్గా నా వేళ్ళు తుడిచి, అదే గింజ మళ్ళీ ఇచ్చింది. చంద్రుడు ఒక్క రవ్వ తగ్గలేదు.

"అక్కా, ఆ వీడియో ఇట్లియ్యి."

ఫోన్ ఇచ్చాను. మెట్రో మెట్ల పక్కన నిలబడి, ఆమె మొదటి నుంచి పెట్టింది. పాట వచ్చింది. పలకరింపు వచ్చింది. తర్వాత ఆ గొంతు, "చాలామంది ఏమనుకుంటారంటే," అంది. అప్పుడు వచ్చింది నా భూతద్దం. మాటకు మాట నేను చెప్పిందే. అది అయిపోగానే, "వినడానికి బాగుంది కదా? కానీ ఇది తప్పు," అంది.

ఆమె ఆపి నా మొహం చూసింది.

"నువ్వు మొత్తం చూడలేదా?"

"మధ్యల చూసిన."

"మధ్యలనా?"

బస్తా సంగతి చెప్పాను. ఆమె విని, కోపం తెచ్చుకుందామనుకుని, తెచ్చుకోలేక నవ్వేసింది. "అక్కా, బస్తాల అన్ని కందులే ఉంటయి. మాటలు గట్ల ఉండయి గద. ముందలొకటి చెప్పి ఎనక అదే తప్పంటరు."

నిజమే. కంది పక్కన ఉన్న కంది దాన్ని కాదనదు. మాట పక్కన ఉన్న మాట కాదనగలదు. ఇన్నేళ్ళ గల్లా అనుభవంలో ఇది నాకు తట్టలేదు. అప్పటిదాకా నేను ఆమెకు అమ్మినవాటిలో ఎన్ని ఇట్లా తిరగబడతాయో అని వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాను. మిరపకాయ మాత్రం మొత్తం చూశాను, ఒట్టు.

మిగిలిన వీడియో కలిసి చూశాం. లేచేటప్పుడు గాలి చంద్రుడి రంగు మారుస్తుంది, కొంచెం నొక్కుతుంది కూడా, కానీ పెంచదు. ఇంకా విచిత్రం, లేచేటప్పుడు చంద్రుడు నెత్తి మీద ఉన్నప్పటికంటే మనకు కొద్దిగా దూరంగానే ఉంటాడట. పెద్దగా కనిపించేది మన లోపలే. పక్కన చెట్లూ ఇళ్ళూ ఉండటం వల్ల అని కొందరు. ఆకాశాన్ని మన బుద్ధి బోర్లించిన పళ్ళెంలా ఊహించుకుంటుంది, అంచులు దూరమనుకుని అక్కడున్నదాన్ని పెంచి చూస్తుంది అని ఇంకొందరు. ఒక్కోదానికీ ఎదురు ప్రశ్నలున్నాయి. బేరం ఇంకా తెగలేదన్నమాట. నమ్మకం లేకపోతే వంగి, కాళ్ళ సందులోంచి తలకిందులుగా చంద్రుణ్ణి చూడండి, చిన్నగా అయిపోతాడు అంది ఆ గొంతు.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ అక్కడికే పోయాం. చంద్రుడు నిన్నటికంటే ఆలస్యంగా వచ్చాడు. మరునాడు డెమో పెట్టుకుని ఆమె, ముప్ఫై దాటిన వయసు పెట్టుకుని నేను, పక్కపక్కనే చంద్రుడికి వీపు చూపించి వంగాం. నిజంగానే పళ్ళెం గిన్నె అయిపోయింది. "అయ్యో, చిన్నగయిపోయిండు!" అని ఆమె అరిచింది. నడుస్తున్న ఒక పెద్దాయన ఆగి, "యోగానా అమ్మా?" అన్నాడు.

"కాదు అంకుల్, సైన్స్," అంది ఆమె, తల కిందనే ఉంచి.

ఆయన కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, తనూ కొంచెం వంగబోయి, నడుము పట్టుకుని పోయాడు.

లేచి నిలబడ్డాక నేను అసలు సంగతికి వచ్చాను. "ఆకు చెప్పు. ఇంకా టైమున్నది."

"నువ్వే గద ఆకు అందరు చెప్తరన్నవ్."

"అప్పుడు అమ్మేటోళ్ళ నోరు. ఇప్పుడు అక్క నోరు."

"నాకు ఇది చెప్పాలనున్నది."

"అయితే గాలి భూతద్దం అనే చెప్పు. సాఫ్‌గ ముగుస్తది. ఎవరు పోయి చూస్తరు?"

"మనం చూసినం గదక్కా," అంది.

మిగిలిన కందులు పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టాను.

శనివారం ఆ బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మేడమ్, ఆమె పక్కన ఒక సార్. మా పిల్ల అందరికీ తలా ఒక కంది గింజ ఇచ్చింది.

"టీచర్, వీడు తినేసిండు!"

"ఇంకోటి తీస్కో. చంద్రుణ్ణి కప్పినంక తిను."

సాయంత్రం చంద్రుడు పెద్దా, నెత్తి మీది చంద్రుడు పెద్దా అని అడిగింది. సాయంత్రంవాడే అని గోల. రెండుసార్లూ ఇదే గింజ సరిపోయిందని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఎట్లా, ఎందుకు అని అడిగింది. గాలి అన్నాడొకడు. దగ్గరికొస్తడు టీచర్ అంది ఇంకో పిల్ల. కళ్ళకు నిద్రొస్తది గద, అందుకే అని ఒకడు. ఆమె ఒక్కోదాన్నీ నల్లబల్ల మీద రాసి, దీన్ని ఎట్లా పరీక్ష చేద్దాం అని వాళ్ళనే అడిగింది. క్లాసంతా లేచి నిలబడి చేతులు చాచి, ఒక కన్ను మూసి, ట్యూబులైటు మీదా ఫ్యాను మీదా గింజలు పెట్టి చూస్తోంది. కాళ్ళ సందులోంచి చూసే ఉపాయం చెప్పినప్పుడు సగం మంది బెంచీల మధ్య వంగేశారు. వరండాలో నాకు లేచి లోపలికి పోవాలనిపించింది.

"మరి అసలు కారణమేంది టీచర్?"

"గట్టిగ ఇంకా తేలలేదు. పెద్ద పెద్దోళ్ళు గూడ వాదులాడుకుంటున్నరు. రాత్రికి చూసి, రేపు మీ అమ్మకు చూపించి, మీకేమనిపిస్తదో రాసుకోండ్రి."

గంట కొట్టారు. ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు వినిపించింది. "లెసన్ క్లోజ్ చెయ్యలేదేంటమ్మా? పిల్లలు నోట్స్‌లో జవాబు ఏం రాసుకుంటారు?"

"రెండు చోట్లా ఒకే గింజ పట్టిందని రాసుకుంటరు మేడమ్."

"అది జవాబు కాదు కదా."

"కాదు మేడమ్. ప్రశ్న రాసుకుంటరు."

మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది. "మేం ఫోన్ చేస్తాం," అన్నాడు సార్.

ఫోన్ రాలేదు. బుధవారం దాకా చూసి, ఆమెకు చెప్పకుండా నేనే పోయాను. బేరం లేకుండా ఊరుకునే రకం కాదు కదా. నెల రోజులు పెట్టుకుని చూడండి, నచ్చకపోతే పంపెయ్యండి, సరుకు తిరిగి తీసుకుపోయే పూచీ నాది అని ఆఫీసులో ఉన్న ఆమెతో చెప్పాను. ఆమె మంచిది, నా మాటలకు నవ్వింది కూడా. వేరే టీచర్‌ను తీసుకున్నారట. ఆ కొత్తామె లెక్కలు కూడా చెప్పగలదట.

"డెమోల ఏం చెప్పింది ఆమె?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"కిరణజన్య సంయోగక్రియ. చాలా నీట్‌గా చెప్పింది."

ఆకు.

విన్నదంతా ఆ సాయంత్రమే మా పిల్లకు చెప్పాను. ఆ నెలాఖరుకు ఆమె గది ఖాళీ చేసింది. ఉప్పల్‌లో జనగామ బస్సు దాకా సంచీ మోసుకుపోయాను. దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలా అని నములుతుంటే ఆమే అంది.

"నువ్వు గట్ల మొఖం పెట్టకు అక్కా. ఆకు చెప్తే వచ్చేదని ఎవరికి తెలుసు? ఆమెకు లెక్కలొస్తయి, నాకు రావు."

"నేను చంద్రుణ్ణి అమ్మకపోతే..."

"అమ్మినవ్. పాడు సరుకని తెలిసినంక గూడ నేనే ఉంచుకున్న. అది నా ఇష్టం." బస్సు ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఆ పిల్లలు వంగి చూసిన్రు చూడు. అది చాలు అనను. ఉద్యోగం వస్తే బాగుండు. అయినా మంచిగనిపించింది."

వచ్చే ఏడాది మళ్ళీ వచ్చి చేరతానంటోంది. ఇప్పుడు ఊళ్ళో పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెప్తోంది. ఫోన్లో మార్చుకుంటూనే ఉన్నాం, కానీ ఫోన్లో కొసరు అడిగితే సిగ్నల్ లేదంటుంది. వస్తుందో రాదో నాకు తెలియదు.

ఇక లెక్క చూసుకోవాలి, ఎవరూ అడగకపోయినా.

ఇప్పుడు నేను వీడియోలు మొదటి నుంచి చివరి దాకా చూస్తున్నాను. నాలుగింటికి బదులు ఒకటే చూడగలుగుతున్నాను. అది నష్టమని మొదట అనుకున్నాను, కాదు. చివరికొచ్చేసరికి తిరగబడేవి అప్పుడప్పుడు తగులుతాయి. అవే నాకు ఎక్కువ ఇష్టంగా ఉంటున్నాయి. ఇది నా రాబడి. "ఇంకా తేలలేదు" అనే మాట విన్నప్పుడు ఇదివరకు మోసపోయినట్టుండేది. ఇప్పుడు ఇంకా కొట్టు మూయలేదన్నట్టు ఉంటోంది. ఇదీ నాదే. ఆకు చెప్పి ఉంటే ఆమెకు ఆ ఉద్యోగం వచ్చేదా? తెలియదు. లెక్కలు రావు కాబట్టి పోయిందని అనుకుంటే నాకు నిద్ర బాగా పడుతుంది. అందుకే ఆ మాటను నా పక్క జమ వేసుకోను. ఆమె నన్ను ఏమీ అనలేదు. దాన్ని రసీదు కింద చూపించడం కూడా న్యాయం కాదు, అది ఆమె మంచితనం.

క్యాంపస్‌లో ఆ రెండు సాయంత్రాలు ఇద్దరివీ. అవి చెరి సగం. ఆగిపోయిన సెమిస్టర్ నష్టం మాత్రం మొత్తం ఆమెదే.